స్క్లెరల్ లెన్స్ కంట్లో ఎలా కుదురుకుంటుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

"పొద్దున పెట్టుకున్నప్పుడు బాగానే ఉంది. మధ్యాహ్నం అయ్యేసరికి ఏదో తేడాగా అనిపిస్తోంది." స్క్లెరల్ లెన్సులు అమర్చే పనిలో ఉన్నవాళ్లు ఈ మాట వినని వారం ఉండదు. ఆ తేడాకి చాలాసార్లు కారణం ఒకటే: పొద్దున ఎక్కడ ఉందో లెన్స్ ఇప్పుడు సరిగ్గా అక్కడ లేదు, కంటి వైపు కొంచెం లోపలికి దిగింది. అది లోపం కాదు, కొత్త లెన్స్ పాడైపోయిందనీ కాదు. ఎంత దిగింది, దిగాక కింద ఎంత ఖాళీ మిగిలింది అన్నదే చూసుకోవాలి. కొత్తగా ఈ లెన్సులు మొదలుపెట్టినవాళ్లూ, ఏళ్లుగా వాడుతున్నవాళ్లూ మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

లెన్స్ "కుదురుకోవడం" అంటే అసలు లోపల ఏం జరుగుతుంది?

మామూలు కాంటాక్ట్ లెన్స్ కార్నియా మీదే, అంటే నల్లగుడ్డు ముందుండే పారదర్శకమైన పొర మీదే కూర్చుంటుంది. స్క్లెరల్ లెన్స్ కార్నియాని తాకదు. దాని మీదుగా వంతెనలా దాటి, చుట్టూ ఉన్న తెల్లగుడ్డు మీద ఆనుతుంది. లెన్స్‌కీ కార్నియాకీ మధ్య మిగిలిన ఖాళీలో, మనం పెట్టుకునేటప్పుడు నింపిన సెలైన్ రోజంతా ఉంటుంది. కార్నియా పల్చబడి మొనలా ముందుకి పొడుచుకొచ్చే జబ్బుని కెరటోకోనస్ అంటారు. అందులో కార్నియా ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా ఆ సెలైన్ పొర దాన్ని పూడ్చేసి, ముందు నున్నటి గుండ్రని ఉపరితలం ఇస్తుంది. కళ్లు బాగా పొడిబారినవాళ్లకి ఆ పొరే రోజంతా తడి ఇస్తుంది.

ఇప్పుడు ఆ వంతెన కాళ్లు దేని మీద ఉన్నాయో చూడండి. తెల్లగుడ్డు, అంటే స్క్లెరా, గట్టిదే. కానీ దాని మీద కంజంక్టైవా అనే పల్చటి మెత్తటి పొర ఉంటుంది, దాని కింద ఇంకాస్త మెత్తటి కణజాలం ఉంటుంది. లెన్స్ అంచు ఆనేది ఈ మెత్తదనం మీద. తడి ఇసుకలో నిలబడితే పాదం మెల్లగా దిగినట్టే, రెప్పల ఒత్తిడికీ లెన్స్ బరువుకీ ఆ అంచు కణజాలంలోకి కొంచెం కొంచెంగా దిగుతుంది. అంచు దిగితే మొత్తం లెన్స్ కార్నియాకి దగ్గరవుతుంది, మధ్యలో ఉన్న సెలైన్ పొర పల్చబడుతుంది. క్లినిక్‌లో దీన్నే "సెట్లింగ్" అంటారు.

ఎంత దిగుతుంది? ఎంతసేపట్లో?

కొలిచేది మైక్రాన్లలో. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. ఒక రోజు వాడకంలో చాలామంది లెన్సులు సుమారు 100 మైక్రాన్లు దిగుతాయి. కొందరికి 50తోనే ఆగిపోతుంది, కొందరికి 200 దాకా వెళ్తుంది.

వేగం రోజంతా ఒకేలా ఉండదు. మొదటి అరగంట, గంటలో గబగబా దిగుతుంది. మొదటి 2 నుంచి 4 గంటల్లో అయ్యేదంతా దాదాపు అయిపోతుంది. ఆ తర్వాత చాలా నెమ్మదిగా, సాయంత్రానికి ఇంచుమించు ఆగిపోతుంది. ఉదాహరణకి, పెట్టుకోగానే మధ్యలో 350 మైక్రాన్ల ఖాళీ ఉంటే అరగంటకి 300, నాలుగు గంటలకి 230, సాయంత్రానికి 215 అన్నట్టుగా సాగుతుంది. ఈ అంకెలు అందరికీ ఇలాగే రావు, కానీ దిగే తీరు మాత్రం ఇదే: ముందు జోరు, తర్వాత నిదానం.

మైక్రాన్ల లెక్కలో 100 అంటే ఎంతని? దానికి ఇంత హడావిడి ఎందుకు?

కార్నియా మధ్యలో మందం సుమారు 540 మైక్రాన్లు. అంటే అర మిల్లీమీటరు పైన కొంచెం. స్క్లెరల్ లెన్స్ మందం కూడా చాలావరకు 250 నుంచి 400 మైక్రాన్ల మధ్యే. ఇంత సన్నటి లోకంలో 100 మైక్రాన్లు చిన్న విషయం కాదు. పొద్దున 120 మైక్రాన్ల ఖాళీతో బయల్దేరిన లెన్స్ సాయంత్రానికి కార్నియా మొనకి తగిలే ప్రమాదం ఉంది. కెరటోకోనస్ ఉన్నవాళ్లకి ఆ మొన అసలే పల్చగా, సున్నితంగా ఉంటుంది. గంటల తరబడి గట్టి లెన్స్ దాన్ని ఒత్తుతుంటే పైపొర గీసుకుపోతుంది, కొన్నాళ్లకి మచ్చ కూడా పడొచ్చు.

అందుకే అమర్చేవాళ్లు దిగే మేరకు ముందే కలుపుకుని లెక్క వేస్తారు. సాధారణంగా, కుదురుకున్నాక మధ్యలో 150 నుంచి 250 మైక్రాన్ల ఖాళీ మిగిలేలా చూస్తారు. అంటే పెట్టుకోగానే అది అంతకన్నా 100, 150 ఎక్కువే ఉండాలి. కార్నియా తెల్లగుడ్డుని కలిసే వలయాన్ని లింబస్ అంటారు. అక్కడ ఖాళీ చాలా తక్కువ, 50 నుంచి 100 మైక్రాన్లు. కార్నియా పైపొరని ఎప్పటికప్పుడు కొత్తగా తయారుచేసే మూలకణాలు ఉండేది ఆ వలయంలోనే కాబట్టి అక్కడ లెన్స్ రాసుకోకూడదు. పేషెంట్లు ఎప్పుడూ మధ్య భాగం గురించే అడుగుతారు. నాకైతే లింబస్ గురించే ఎక్కువ టెన్షన్. మధ్యలో తగిలితే చూపులో తేడా వచ్చి మీకే తెలుస్తుంది. లింబస్ దగ్గర తగిలితే చాలాకాలం ఏమీ తెలియదు.

అలాగైతే ముందే బాగా ఎత్తుగా పెట్టేస్తే గొడవే ఉండదు కదా?

చాలామందికి వచ్చే ఆలోచనే ఇది. కొత్తగా అమర్చడం నేర్చుకునేవాళ్లూ ఇదే తప్పు చేస్తారు. ఎత్తు ఎక్కువైతే వచ్చే ఇబ్బందులు వేరే ఉన్నాయి.

మొదటిది ఆక్సిజన్. కార్నియాలో రక్తనాళాలు ఉండవు. దానికి కావలసిన ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం గాలి నుంచి, కన్నీటి ద్వారా అందుతుంది. స్క్లెరల్ లెన్స్ పెట్టుకుంటే ఆక్సిజన్ ముందు లెన్స్‌ని దాటాలి, తర్వాత సెలైన్ పొరని దాటాలి. ఇప్పటి లెన్సుల ప్లాస్టిక్ ఆక్సిజన్‌ని బాగానే పోనిస్తుంది. కానీ సెలైన్ పొర దళసరి అయ్యేకొద్దీ దాటేది తగ్గుతుంది. లెన్స్ కింద కన్నీరు మారడం కూడా చాలా తక్కువ కాబట్టి ఆ దారిన వచ్చేదీ పెద్దగా ఉండదు. ఆక్సిజన్ చాలకపోతే కార్నియా కొంచెం ఉబ్బుతుంది. 1888లో ఆడాల్ఫ్ ఓయ్‌గెన్ ఫిక్ అనే కంటి వైద్యుడు గాజుతో చేసిన లెన్సుల గురించి రాశాడు. అవి కూడా తెల్లగుడ్డు మీదే ఆనేవి, కింద ద్రాక్ష చక్కెర కలిపిన ద్రవం నింపేవాడు. మొదట కుందేళ్లకి పెట్టి చూసి, తర్వాత తన కళ్లకే పెట్టుకున్నాడు. గాజు ఆక్సిజన్‌ని అసలు పోనివ్వదు కాబట్టి ఆ లెన్సులు రెండు మూడు గంటలకి మించి పనికొచ్చేవి కావు. ఆలోచన సరైనదే. దానికి తగిన పదార్థం దొరకడానికే దాదాపు వందేళ్లు పట్టింది.

రెండోది, లెన్స్ ఎంత ఎత్తుగా ఉంటే అంత అస్థిరంగా ఉంటుంది. బరువు ముందుకి వెళ్లి కిందికి జారడం ఎక్కువవుతుంది. మూడోది మసక, దాని గురించి కింద విడిగా ఉంది. కార్నియా మార్పిడి చేయించుకున్నవాళ్లకి ఎత్తు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. కార్నియాలోంచి నీటిని బయటికి తోడే లోపలి పొర కణాలు వాళ్లకి తక్కువగా ఉంటాయి, ఆక్సిజన్ తగ్గితే ఉబ్బు త్వరగా వస్తుంది.

ట్రయల్ లెన్స్ పెట్టి అరగంట కూర్చోబెట్టారు. చూసి చెప్పేస్తే పోయేదిగా?

పెట్టిన వెంటనే చూస్తే కనిపించేది మీరు రోజంతా వాడబోయే లెన్స్ కాదు, ఇంకా దిగని లెన్స్. కనీసం 20, 30 నిమిషాలు ఆగితే జోరుగా దిగే దశ కొంత గడుస్తుంది, మిగిలింది అంచనా వేయొచ్చు. కుదిరితే ఇంకా ఎక్కువసేపు ఉంచడం మేలు. హడావిడిలో పది నిమిషాలకే చూసి ఆర్డర్ పెట్టేస్తే తర్వాత ఒకటికి రెండుసార్లు లెన్స్ మార్చాల్సి వస్తుంది.

తర్వాతి చెకప్‌కి లెన్స్ పెట్టుకునే రమ్మన్నారు. అక్కడికి వెళ్లాక పెట్టుకుంటే ఏం?

దయచేసి పెట్టుకునే వెళ్లండి. వీలైతే మధ్యాహ్నం అపాయింట్‌మెంట్ తీసుకుని, అప్పటికి నాలుగు గంటలైనా లెన్స్ కంట్లో ఉండేలా చూసుకోండి. చాలామంది పేషెంట్లు కళ్లు శుభ్రంగా కనబడాలని లెన్సులు డబ్బాలో పెట్టుకొస్తారు. వాళ్ల ఉద్దేశం మంచిదే, కానీ ఆ చెకప్ సగం వృథా. మాకు చూడాల్సింది పొద్దుటి లెన్స్ కాదు. దిగాక ఎంత ఖాళీ మిగిలింది, అంచు ఎక్కడైనా ఒత్తుతోందా, సెలైన్‌లో చెత్త చేరిందా అన్నవి గంటలు గడిస్తేనే కనిపిస్తాయి.

కంట్లో లెన్స్ ఉండగా ఆ ఖాళీని ఎలా కొలుస్తారు?

లెన్స్‌లో సెలైన్ నింపేటప్పుడే ఫ్లోరెసిన్ అనే రంగు కొంచెం కలుపుతారు. నీలి వెలుతురులో అది పచ్చగా మెరుస్తుంది. స్లిట్ ల్యాంప్‌లో, అంటే కంటిని పెద్దది చేసి చూపే మైక్రోస్కోప్‌లో, సన్నటి వెలుగు గీతని పక్కనుంచి వేస్తే కంటిని కోసి చూసినట్టు మూడు పట్టీలు కనిపిస్తాయి: ముందు లెన్స్, మధ్యలో పచ్చటి సెలైన్ పొర, వెనక కార్నియా. లెన్స్ మందం ఎంతో తయారీదారు చెప్పిన అంకె మా దగ్గర ఉంటుంది. పచ్చ పట్టీ దానితో సమానంగా ఉందా, సగం ఉందా అని పోల్చి అంచనా వేస్తాం. అలవాటైన కంటికి ఇది బాగానే పనిచేస్తుంది. ఇంకా కచ్చితంగా కావాలంటే, కాంతితో పొరలని అడ్డుకోతలా చూపే ఓసీటీ స్కాన్ తీస్తే మైక్రాన్లతో సహా తెలుస్తుంది.

రోజంతా లెన్స్ పెట్టుకుని వచ్చినవాళ్లకి రంగుని బయట, లెన్స్ మీద వేసి కాసేపు చూడడమూ ఉంటుంది. అది అంచు కిందనుంచి లోపలికి పాకితే ఎక్కడినుంచి, ఎంత త్వరగా పాకిందో గమనిస్తాం. ఒక్క పక్కనుంచే వస్తుంటే ఆ పక్క అంచు సరిగా ఆనడం లేదన్నమాట.

లెన్స్ నేరుగా వెనక్కి దిగుతుందా, పక్కకి కూడా జరుగుతుందా?

రెండూ జరుగుతాయి. చాలా కళ్లలో లెన్స్ కొంచెం కిందికీ, కొంచెం చెవి వైపుకీ జరుగుతుంది. కిందికి జరగడానికి లెన్స్ బరువూ పై రెప్ప నొక్కుడూ కారణాలు. చెవి వైపు ఎందుకంటే తెల్లగుడ్డు అన్ని పక్కలా ఒకే ఆకారంలో ఉండదు. ముక్కు వైపు చదునుగా, ఎత్తుగా ఉండి లెన్స్‌ని అవతలికి నెడుతుంది.

దీని ఫలితంగా సెలైన్ పొర పైన పల్చగా, కింద దళసరిగా తయారవుతుంది. మధ్యలో ఖాళీ 200 ఉందని చెప్పినా పైన, ముక్కు వైపు లింబస్ దగ్గర లెన్స్ తగులుతూ ఉండొచ్చు. కెరటోకోనస్‌లో కార్నియా మొన సాధారణంగా మధ్యలో ఉండదు, కిందికి జరిగి ఉంటుంది. కాబట్టి ఖాళీని మొన దగ్గర ఒకసారి, పై అంచు దగ్గర ఒకసారి కొలవాలి. ఒక్క మధ్య అంకె చూసి సరిపోయిందనుకోవడం నాకు నచ్చదు.

మా బంధువుకీ నాకూ ఒకే రకం లెన్స్. తనకి అసలు దిగలేదట, నాకు ఇంత దిగింది. ఎందుకు?

ముఖ్యంగా కళ్ల తేడా వల్ల. కంజంక్టైవా మెత్తగా, వదులుగా ఉన్న కంట్లో ఎక్కువ దిగుతుంది. రెప్పలు బిగుతుగా ఉంటే ఒత్తిడి ఎక్కువ. ఒకే మనిషికి రెండు కళ్లలోనూ ఒకేలా దిగాలని లేదు.

లెన్స్ తీరు కూడా లెక్కే. కంటి మీద ఆనే భాగాన్ని ల్యాండింగ్ జోన్ అంటారు. అది వెడల్పుగా, కంటి వంపుకి సరిగ్గా సరిపోతే బరువు సమంగా పంచుకుంటుంది. సరిపోకపోతే రెండే చోట్ల ఆని, అక్కడే లోతుగా దిగుతుంది. ఎగుడుదిగుడు నేల మీద మంచం రెండు కాళ్ల మీదే నిలబడినట్టు. తెల్లగుడ్డు ఆకారం లింబస్ నుంచి దూరం వెళ్లేకొద్దీ వంకరలు తిరుగుతుంది, అందుకే పెద్ద లెన్సులకి గుండ్రటి అంచు చాలాసార్లు సరిపోదు. అడ్డంగా ఒక వంపు, నిలువుగా ఒక వంపు ఉండే టోరిక్ అంచో, ఒక్కో పక్కకి ఒక్కో కొలత ఉండేదో కావాలి. ఇప్పుడు తెల్లగుడ్డు ఆకారాన్ని స్కాన్ చేసి, దాన్ని బట్టే లెన్స్ చెక్కే పద్ధతులూ ఉన్నాయి. అంచు సరిగా కుదిరితే దిగడం పూర్తిగా ఆగదు, కానీ అన్ని పక్కలా సమంగా, ఊహించినంతే దిగుతుంది.

మధ్యాహ్నానికి మంచు కప్పినట్టు మసకగా ఉంటోంది. ఇది లెన్స్ దిగడం వల్లేనా?

నేరుగా దానివల్ల కాదు, కానీ సంబంధం ఉంది. సెలైన్ పొరలోకి కన్నీటిలోని కొవ్వు, జిగురు, కణాలు మెల్లగా చేరి, శుభ్రమైన ద్రవాన్ని పాలనీళ్లలా చేస్తాయి. "మిడ్‌డే ఫాగింగ్" అనేది దీన్నే. స్క్లెరల్ లెన్సులు వాడేవాళ్లలో ఇది చాలా మామూలు ఫిర్యాదు. లెన్స్ తీసి, కడిగి, కొత్త సెలైన్ నింపి పెట్టుకోగానే తేటగా కనిపిస్తే అది ఇదే. తీసి పెట్టినా మసక పోకపోతే కారణం వేరే ఉంది: లెన్స్ ముందు భాగం తడవకపోవడమో, కార్నియా ఉబ్బడమో. ఈ చిన్న పరీక్ష ఇంట్లోనే చేసుకుని ఫలితం మీ డాక్టర్‌కి చెప్పండి, సగం పని అయిపోతుంది.

చెత్త లోపలికి ఎలా వస్తుందంటే, అంచు ఒక పక్క లేచి ఉంటే ఆ సందులోంచి వస్తుంది. లింబస్ దగ్గర ఖాళీ ఎక్కువగా ఉన్నా, మధ్యలో ఎత్తు ఎక్కువగా ఉన్నా అది చేరడానికి చోటు దొరుకుతుంది. కాబట్టి దీనికి పరిష్కారం ఎక్కువగా లెన్స్ డిజైన్‌లోనే ఉంటుంది: అంచుని కంటికి సరిపోయేలా మార్చడం, ఎత్తు తగ్గించడం. రెప్పల గ్రంథుల్లో వాపు, ఎలర్జీ, తీవ్రంగా పొడిబారిన కళ్లు ఉన్నవాళ్లకి ముందు వాటికి చికిత్స జరగాలి. లెన్స్ నింపేటప్పుడు సెలైన్‌తో పాటు కొన్ని చుక్కలు ప్రిజర్వేటివ్ లేని చిక్కటి కంటి చుక్కల మందు కలిపితే కొందరికి మసక ఆలస్యంగా వస్తుంది. అది డాక్టర్‌ని అడిగాకే చేయండి.

లెన్స్ దిగితే పవర్ మారిపోతుందా?

చాలా కొద్దిగా. సెలైన్ పొర కూడా ఒక లెన్స్‌లా పనిచేస్తుంది కాబట్టి అది పల్చబడితే పవర్‌లో తేడా వస్తుంది. కానీ 100 మైక్రాన్ల తగ్గుదలకి ఆ తేడా పావు డయాప్టర్ (కళ్లద్దాల పవర్ కొలిచే ప్రమాణం) కన్నా తక్కువే. చాలామంది గుర్తించరు. చూపు గట్టిగా మారిందంటే అది దిగడం వల్ల కాక, లెన్స్ పక్కకి జరగడం వల్లో, తెల్లగుడ్డు వంపుకి లెన్సే కొంచెం వంగడం వల్లో అయ్యుంటుంది. వంగిన లెన్స్ కొత్తగా సిలిండర్ పవర్ తెచ్చిపెడుతుంది. మీ కళ్లద్దాల పరీక్ష, అంటే లెన్స్ మీద అదనపు పవర్ చూసేది, కుదురుకున్నాక చేయమని అడగడం అందుకే మంచిది.

సాయంత్రం తీయబోతే లెన్స్ అతుక్కుపోయినట్టు గట్టిగా ఉంటోంది.

రోజంతా దిగిన అంచు కంటికి బిగుసుకుని, కింద కొంచెం వ్యాక్యూమ్‌లా ఏర్పడుతుంది. బలంగా లాగొద్దు. ముందు ప్రిజర్వేటివ్ లేని చుక్కలు నాలుగైదు వేసి, కాసేపు రెప్పలు ఆర్పండి. తర్వాత లెన్స్ అంచుని ఆనుకుని ఉన్న తెల్లగుడ్డుని వేలితో రెప్ప మీదుగా మెల్లగా నొక్కితే సందు ఏర్పడి ఒక చిన్న బుడగ లోపలికి వెళ్తుంది, పట్టు వదిలిపోతుంది. ప్లంజర్ (లెన్స్‌ని పట్టి తీసే చిన్న రబ్బరు కప్పు) వాడేవాళ్లు దాన్ని లెన్స్ మధ్యలో పెట్టొద్దు, కింది అంచు దగ్గర పెట్టి పైకి వంచినట్టు తీయాలి. మధ్యలో పెట్టి లాగితే మొత్తం వ్యాక్యూమ్‌తో కుస్తీ పడుతున్నట్టే.

అప్పుడప్పుడు ఇలా ఉంటే ఫర్వాలేదు. రోజూ ఇలాగే ఉంటే అంచు బిగుతుగా ఉందన్నమాట, మార్పించుకోవాలి.

తీశాక తెల్లగుడ్డు మీద గుండ్రటి గీత పడుతోంది. కన్ను కూడా ఎర్రబడుతోంది.

సాక్సు విప్పాక కాలి మీద పడే గీత లాంటిది. సన్నగా ఉండి, ఒకటి రెండు గంటల్లో పోతే సమస్య కాదు. గీత లోతుగా ఉన్నా, ఒక పక్కే ఎక్కువగా ఉన్నా, తీసిన చాలాసేపటి దాకా ఎరుపు పోకున్నా ఆ చోట ఒత్తిడి ఎక్కువవుతోంది. లెన్స్ కంట్లో ఉన్నప్పుడు ఆ చోట రక్తనాళాలు నొక్కుకుని తెల్లగా పాలిపోతాయి. తీయగానే రక్తం ఒక్కసారిగా వచ్చి ఎర్రబడుతుంది. అందుకే లెన్స్ పెట్టుకున్నప్పుడు కన్ను చక్కగా తెల్లగా ఉందని సంతోషపడి వచ్చేవాళ్లని చూస్తే నాకు అనుమానమే.

"కంటి పైపొర లెన్స్ కిందికి లాక్కుపోతోంది" అన్నారు. భయపడాలా?

వెంటనే భయపడక్కర్లేదు. కంజంక్టైవా వదులుగా ఉన్నవాళ్లలో, లెన్స్ కింది వ్యాక్యూమ్‌కి ఆ పొర మడతలా లింబస్ మీదికి, కొన్నిసార్లు కార్నియా అంచు మీదికి జరుగుతుంది. లెన్స్ తీయగానే చాలావరకు సర్దుకుంటుంది. లింబస్ దగ్గర ఖాళీ తగ్గిస్తే మడత పడడానికి చోటు ఉండదు కాబట్టి డిజైన్‌లో ఆ మార్పు చేస్తారు. లెన్స్ తీశాక కూడా మడత అలాగే ఉంటోందా, దాని కింద కార్నియాలోకి రక్తనాళాలు పెరుగుతున్నాయా అన్నది మాత్రం ప్రతి చెకప్‌లో చూడాలి.

రోజూ మొదటినుంచి దిగుతుందా? కొన్ని నెలలకి ఆగిపోతుందా?

రోజూ మొదటినుంచే. రాత్రి లెన్స్ తీసేశాక నొక్కుకున్న కణజాలం మళ్లీ ఉబ్బి మామూలు స్థితికి వస్తుంది, పొద్దున మళ్లీ పైనుంచే మొదలు. నెలలు గడిచేకొద్దీ మొత్తం మీద లెన్స్ ఇంకొంచెం కిందే కూర్చోవడం కొందరిలో కనిపిస్తుంది. దానికి తోడు కెరటోకోనస్ పెరుగుతుంటే కింద కార్నియా కూడా పైకి వస్తుంది. ఈ రెండూ కలిస్తే ఏడాది కింద సరిపోయిన లెన్స్ ఇప్పుడు తగులుతూ ఉండొచ్చు. బాగానే ఉంది కదా అని చెకప్‌లు మానేయొద్దు.

మధ్యలో ఒకసారి తీసి మళ్లీ పెట్టుకుంటే లెక్క మొదటికొస్తుందా?

సెలైన్ కొత్తది వస్తుంది, చూపు తేటపడుతుంది. కానీ అరగంటలో కణజాలం పూర్తిగా కోలుకోదు, కాబట్టి రెండోసారి లెన్స్ పొద్దుటి కన్నా కొంచెం కిందినుంచే మొదలవుతుంది. అది తప్పేమీ కాదు. రోజు మొత్తం మీద ఒకసారి తీసి పెట్టుకోవడం చాలామందికి అలవాటే.

పెట్టుకోగానే ఒక బుడగ కనిపిస్తోంది. లెన్స్ దిగాక అదే పోతుందా?

పోదు. తీసి మళ్లీ పెట్టుకోండి. లెన్స్ గిన్నెని అంచుల దాకా నింపి, ముఖం నేలకి సమాంతరంగా వంచి పెట్టుకుంటే బుడగ రాదు. పెట్టుకున్నప్పుడు లేకుండా కొన్ని గంటల తర్వాత వస్తే అది వేరే కథ, అంచు ఎక్కడో లేచి గాలి పోతోంది. చెకప్‌లో చెప్పండి.

తక్కువ దిగేలా నేనేమైనా చేయొచ్చా?

దిగడాన్ని మీరు ఆపలేరు, ఆపాల్సిన అవసరం కూడా లేదు. కళ్లు నలపకండి, లెన్స్ మీద వేలితో నొక్కకండి. త్వరగా కుదురుకుంటుందని ఎవరో చెప్తే రెప్ప మీదనుంచి గట్టిగా ఒత్తి కూర్చోబెట్టేవాళ్లున్నారు. అలా చేస్తే వ్యాక్యూమ్ పెరగడం తప్ప లాభం లేదు. లెన్స్‌తో నిద్రపోకండి. డాక్టర్ ప్రత్యేకంగా చెప్తే తప్ప అది మంచిది కాదు.

నింపడానికి ప్రిజర్వేటివ్ లేని సెలైన్ మాత్రమే వాడాలి. లెన్సులు నానబెట్టే మల్టీపర్పస్ ద్రావణాన్ని గిన్నెలో నింపొద్దు. ఆ ద్రవం రోజంతా కార్నియాని అంటుకుని కదలకుండా ఉంటుంది కాబట్టి అందులోని రసాయనాలు కంటిని మండిస్తాయి. కుళాయి నీళ్లు అసలు వద్దు. అకాంథమీబా అనే సూక్ష్మజీవి నీళ్లలో ఉంటుంది, దాని ఇన్ఫెక్షన్‌కి చికిత్స నెలల తరబడి సాగుతుంది.

ఎప్పుడు లెన్స్ వెంటనే తీసేయాలి?

నొప్పి, ఒక్కసారిగా ఎరుపు, వెలుతురు చూడలేకపోవడం, దీపాల చుట్టూ రంగుల వలయాలు, తీసి పెట్టుకున్నా పోని మసక: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తీసేసి అదే రోజు డాక్టర్‌కి చూపించండి. రంగుల వలయాలు కార్నియా ఉబ్బిందనడానికి గుర్తు. కార్నియా మార్పిడి జరిగినవాళ్లు మరీ ఆలస్యం చేయకూడదు. గ్లకోమా ఉన్నవాళ్లు లెన్స్ మొదలుపెట్టే ముందే ఆ సంగతి చెప్పాలి, కంటి ఒత్తిడిని మధ్యమధ్యలో చూస్తుంటారు.

ఖాళీ తక్కువైంది, లెన్స్ మార్చాలి అన్నారు. కొత్త లెన్స్‌లో ఏం మారుస్తారు?

మధ్యలో తగులుతుంటే లెన్స్ మొత్తం లోతుని అవసరమైనంత, ఉదాహరణకి 100 మైక్రాన్లు, పెంచుతారు. మధ్యలో సరిపోయి లింబస్ దగ్గర తగులుతుంటే ఆ వంపు ఒక్కటే మారుస్తారు. అంచు ఒత్తుతుంటే దాన్ని కొంచెం చదును చేస్తారు, అయితే అలా చేస్తే మొత్తం లెన్స్ కార్నియాకి దగ్గరవుతుంది కాబట్టి లోతుని మళ్లీ సరిచేయాలి. ఒకటి కదిపితే ఇంకోటి కదులుతుంది. అందుకే మొదటి లెన్సే చివరి లెన్స్ కావడం అరుదు. రెండు మూడు మార్పులు జరిగాయంటే మీ కన్ను మొండిదనో, అమర్చేవాళ్లకి పని రాదనో అనుకోవద్దు.

చెకప్‌కి వెళ్లేటప్పుడు ఏం రాసుకెళ్లాలి?

ఆ రోజు లెన్స్ పెట్టుకున్న టైమ్. ఎన్ని గంటలకి మసక మొదలవుతుంది, తీసి పెట్టుకుంటే పోతుందా. ఏ పక్క ఒత్తినట్టు ఉంటుంది, పైనా కిందా, ముక్కు వైపా చెవి వైపా. తీశాక ఎరుపు ఎంతసేపు ఉంటుంది, ఏ పక్క ఎక్కువ. తీసిన వెంటనే ఫోన్‌తో కన్ను ఫొటో ఒకటి తీసి పెట్టుకుంటే ఇంకా మంచిది. గీత క్లినిక్‌కి వచ్చేలోగా మాయమైపోతుంది, ఫొటోలో ఉంటుంది.